సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో ఏది చేయాలి, బయట ఏది కొనాలి

డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలైంది మొదలు జనవరి మధ్యలో కనుమ వెళ్లేవరకు మన ఇళ్లలో తినడానికీ తాగడానికీ లోటుండదు. ఉన్న లోటల్లా సమయానిదే. సెలవు పెట్టి ఊరికి వెళ్లేవారికి దక్కేవి నాలుగైదు రోజులు. అందులో ఒకటిన్నర రోజు ప్రయాణానికే పోతుంది. మిగిలిన రోజుల్లో అరిసెలు, సకినాలు, బొబ్బట్లు, జంతికలు, సున్నుండలు, గారెలు అన్నీ చేసి తీరాలని కూర్చుంటే చేసినవాళ్లకు తినే ఓపిక మిగలదు. మా పుట్టిల్లు కోనసీమలో ఒక పల్లెటూరు, అత్తవారిల్లు కరీంనగర్ దగ్గర. ఒక ఏడాది అక్కడ, ఒక ఏడాది ఇక్కడ పండగ చేసుకుంటూ ఉండటంవల్ల రెండు వంటిళ్ల పద్ధతులూ కొంత చేతికి వచ్చాయి, రెండు చోట్లా పొరపాట్లూ చేశాను. ఒక పిండివంటను ఇంట్లో చేయాలా, కొనాలా అన్నది దాని మీద మనకున్న ఇష్టాన్ని బట్టి కాక, ఇంట్లో ఎన్ని చేతులున్నాయి, తడి పిండి దొరుకుతుందా, చేసినది ఎన్నాళ్లు నిలవ ఉండాలి అన్న సంగతులను బట్టి తేల్చుకోవాలన్నది ఆ పొరపాట్ల వల్ల నాకు తెలిసిన విషయం.

అరిసెలా, సకినాలా

ఈ రెండింటికీ మూలం ఒకటే. వానకాలపు పంట కోతలై ఇంటికి వచ్చిన కొత్త బియ్యాన్ని నానబోసి, నీళ్లు వడకట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి జల్లించుకోవాలి. దుకాణంలో పొట్లం కట్టి అమ్మే పొడి బియ్యప్పిండితో ఈ రెండూ కుదరవు; పొడి పిండి పాకాన్నంతా పీల్చుకుని బిగుసుకుపోతుంది, అరిసె బిస్కట్టులా విరుగుతుంది. కాబట్టి ఏది చేయాలన్న చర్చకంటే ముందు, మీ ఊళ్లో తడి బియ్యం పట్టే మర, తెలంగాణ మాటలో గిర్ని, ఉందో లేదో కనుక్కోవాలి. గోధుమలూ కారమూ పట్టే యంత్రంలో తడి బియ్యం వేయనివ్వరు, పండగ ముందు రోజుల్లో మాత్రం చాలా చోట్ల ఒక యంత్రాన్ని దానికే కేటాయిస్తారు. మర లేకపోతే మిక్సీలో కొద్దికొద్దిగా వేసి జల్లించుకోవచ్చు గానీ, అరకిలో బియ్యం దాటితే మిక్సీ వేడెక్కి, పిండి కూడా వేడెక్కి ఆరిపోతుంది. పట్టించిన పిండిని పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, ఆ ముద్దను వేలితో పొడిస్తే విడిపోవాలి. అంత తడి ఉంటే చాలు. పట్టించిన తరువాత గిన్నెలో వేసి గట్టిగా అదిమి, పైన తడిబట్ట కప్పకుండా వదిలేస్తే అరగంటలోనే పైపొర పొడిబారుతుంది.

అరిసెలకు బియ్యం కనీసం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, మధ్యలో రెండు మూడుసార్లు నీళ్లు మార్చాలి, లేకపోతే పులిసిన వాసన వస్తుంది. కిలో బియ్యానికి మా ఇంట్లో ముప్పావు కిలో బెల్లం వేస్తాం. ఇక మిగిలినదంతా పాకం దగ్గరే తేలుతుంది. పళ్లెంలో చన్నీళ్లు పోసి, మరుగుతున్న పాకం చుక్క వేస్తే అది కరగకుండా అడుగున నిలిచి, వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తని ఉండ కావాలి. ఆ ఉండను పళ్లానికి కొడితే చప్పుడు చేసిందంటే పాకం ముదిరినట్టే. అది నువ్వుల ఉండలకూ వేరుసెనగ అచ్చులకూ పనికివచ్చే పాకం, అరిసెలకు కాదు. మెత్తని ఉండకూ చప్పుడు చేసే ఉండకూ మధ్య వ్యవధి రెండు మూడు నిమిషాలకు మించదు, అందువల్ల ఆ సమయంలో పొయ్యి దగ్గరి మనిషికి మరో పని చెప్పకూడదు. ఒక ఏడాది నేను చెవి దగ్గర ఫోను పెట్టుకుని పాకం చూశాను. లేతగా ఉండగానే దించేసి పిండి కలిపాను. మొదటి అరిసె నూనెలో పడగానే అంచులు విచ్చుకున్నాయి, రెండోది మూకుడంతా పరుచుకుని అడుగున నల్లటి మడ్డిగా మిగిలింది. మా అమ్మ ఒక్క మాటా అనకుండా, పక్కన ఉంచిన తడి పిండిని గుప్పెడు గుప్పెడుగా కలిపి కొంత చలిమిడిని దారికి తెచ్చింది, దారికి రానిదాంట్లో కొబ్బరిముక్కలు వేయించి కలిపి, చలిమిడిగానే పిల్లల చేతిలో పెట్టేసింది. లేత పాకానికి ఇలా ఎంతో కొంత విరుగుడు ఉంది. ముదిరిన పాకానికి దాదాపు లేదు.

సకినాల సంగతి వేరు. ఇందులో పాకం లేదు, బెల్లం లేదు. రాత్రి నానబోసిన బియ్యపు తడి పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి, నీళ్లు కొంచెం కొంచెంగా చిలకరిస్తూ మెత్తగా కలిపి, పరిచిన నూలు బట్ట మీద బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని మెలితిప్పుతూ చుట్టు లోపల చుట్టుగా వేసుకుంటూ పోవాలి. బట్ట అదనపు తడిని పీల్చుకున్నాక, వరుసలో ముందు వేసినవాటిని ముందుగా, అట్లకాడతో విరగకుండా తీసి నూనెలోకి జార్చాలి. సరిగ్గా ఆరనివి నూనెలో చిటపటలాడి ఒక్కోసారి పేలుతాయి, కనుక తొందరపడకూడదు. పిండి బిరుసుగా ఉంటే మెలిక మధ్యలో తెగుతుంది, జారుగా ఉంటే చుట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మొదటిసారి మా అత్తమ్మ పక్కన కూర్చుని నేను వేసిన సకినాలను ఆవిడ చూసి, వీటిని విడిగా కాల్చి మా ఇంటివాళ్లకే పెడదాం, చుట్టాలకు వద్దు అన్నారు. మూడో ఏడాదికి నా చేతివి కూడా సారె డబ్బాలోకి చేరాయి.

రెండింటిలో ఒకటే చేసే వీలుంటే ఎంపిక ఇలా ఉండాలని నా అభిప్రాయం. అరిసెల్లో తప్పు జరిగితే కలిపిన చలిమిడి మొత్తం పోతుంది. సకినాల్లో తప్పు జరిగితే చేతిలో ఉన్న ఆ ఒక్కటే పోతుంది. అందువల్ల పాకం తెలిసిన పెద్దావిడ ఒకరు ఇంట్లో ఉండి, పిండి పోస్తుంటే తెడ్డు తిప్పడానికి బలమైన చెయ్యి, నూనె దగ్గర ఒకరు, తీసిన అరిసెను చెక్కల మధ్య ఒత్తి నూనె కార్చడానికి మరొకరు దొరికితే అరిసెలే చేయాలి, ఎందుకంటే ఆ పెద్దావిడ లేని ఏడాది ఎలాగూ చేయలేరు. పాకం తెలిసినవారు లేరు గానీ వదినలూ తోడికోడళ్లూ పక్కింటివాళ్లూ కలిసి ఆరేడుగురు కూర్చోగలరంటే సకినాలు మేలు. నేర్చుకునేవారి తప్పులు అక్కడ సులభంగా దాగిపోతాయి, మాటలు కూడా సాగుతాయి. జంతికల గొట్టంతో సకినాల ఆకారం ఒత్తేవారూ ఉన్నారు. దానికి నేను అడ్డు చెప్పను కానీ, మెలితిప్పిన చుట్టులో ఉండే గుల్లతనం ఒత్తిన చుట్టుకు రాదు.

నిలవ విషయంలో సకినాలదే పైచేయి. గాలి చొరబడని డబ్బాలో నెలరోజులు కరకరలాడుతూనే ఉంటాయి. అరిసెలు చేసిన రోజుకంటే మూడోనాడు బాగుంటాయి, రెండు మూడు వారాలు నిలుస్తాయి, ఆపైన గట్టిపడతాయి. గిర్ని మాటే లేని అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవారికి ఒక వెసులుబాటు ఉంది: మిక్సీలో అరకిలో బియ్యంతో పాకం చలిమిడి చేసి ఫ్రిజ్‌లో దాచుకుంటే, వారానికి నాలుగైదు చొప్పున తీసి, మామూలు వేడికి వచ్చాక తట్టి కాల్చుకోవచ్చు. సకినాల పిండిని అలా దాచడం కుదరదు, అది మర్నాటికే పులుస్తుంది.

ఒక్కరే ఉంటే, ఒక్క పూటే ఉంటే

చేయడానికి ఒక్కరే ఉన్న ఇంట్లో ఈ రెండింటినీ పక్కన పెట్టి సున్నుండలు చేసుకోవడం తెలివైన పని. మినుములు కమ్మని వాసన వచ్చేదాకా సన్నటి సెగ మీద వేయించి, పిండి పట్టించి, తురిమిన బెల్లమూ కరిగిన నెయ్యీ కలిపి ఉండ కడితే సరిపోతుంది; పాకం లేదు, నూనె మూకుడు లేదు, తడి పిండి బాధ లేదు. పొట్టు మినుములతో చేస్తే రంగు నల్లగా ఉంటుంది గానీ రుచి చిక్కగా ఉంటుంది, పొట్టు తీసిన పప్పుతో చేస్తే నోట్లో తొందరగా కరుగుతుంది. నాకు మొదటిదే ఇష్టం.

బొబ్బట్లను, అంటే తెలంగాణలో భక్ష్యాలను, రాయలసీమలో ఓళిగలను, ముందుగా చేసి దాచుకునే వంటల జాబితాలో చేర్చకూడదు. అవి పెనం మీదనుంచి నేరుగా నేతిలోకి, నేతినుంచి నోట్లోకి రావలసినవి. రెండో రోజుకు పూర్ణం ఎండుతుంది, మూడో రోజుకు వాసన మారుతుంది. అందువల్ల పండగ రోజు మధ్యాహ్న భోజనానికి తలకు రెండు చొప్పున లెక్క వేసి చేయాలి. ఒకదానిమీద ఒకటి పేర్చి, ప్లాస్టిక్ కవరులో చెమట పట్టిన బొబ్బట్లను కొనడం కంటే ఆ రోజుకు పరమాన్నంతో సరిపెట్టుకోవడం నయం. పెనం పెట్టి ఎదురుగా కాల్చి ఇచ్చే దుకాణమైతే అది వేరే మాట.

డిసెంబరు చివర క్రిస్మస్ చేసుకునే ఇళ్లలో, ఆ ఇళ్లనుంచి పళ్లెం అందుకునే పక్కిళ్లలో, గులాబీ పువ్వులు కూడా ఈ కాలపు వంటే. ఇందులో ఒకటే మెలకువ: అచ్చును ముందుగా నూనెలోనే బాగా కాగనిచ్చి, ముప్పావు వంతు మాత్రమే పిండిలో ముంచాలి. పైఅంచు దాటి ముంచితే పువ్వు అచ్చును వదలదు.

బెల్లం దగ్గర బేరం వద్దు

పండగ సామాన్ల చీటీలో అన్నిటికంటే శ్రద్ధగా ఎంచవలసినది బెల్లం. బజారులో ప్రధానంగా రెండు రకాలు కనిపిస్తాయి: నిమ్మపండు రంగులో మెరిసే బెల్లం, గోధుమరంగు దాటి నల్లబడిన బెల్లం. చూపుకు మొదటిదే శుభ్రంగా అనిపిస్తుంది. కానీ చెరకు రసాన్ని కాచినప్పుడు సహజంగా వచ్చే రంగు ముదురుదే. బాగా తెల్లబడటానికి చాలా చోట్ల కాగే రసంలో హైడ్రోస్ అనే రసాయనాన్ని వేస్తారు. అనకాపల్లి, చిత్తూరు ప్రాంతాలు బెల్లానికి పేరుపడినవి, అయితే ఊరి పేరు ఒక్కటే చూసి కొనకూడదు. చిన్న ముక్క నోట్లో వేసుకుంటే ఉప్పదనం తగలకూడదు, గోటితో గీస్తే లోపల కూడా పైరంగే ఉండాలి, నీళ్లలో కరిగిస్తే అడుగున ఇసుకా సున్నపు తెట్టా మిగలకూడదు. ముదురు బెల్లంతో అరిసె నల్లగా వస్తుందని కొందరు వెనకాడతారు. నల్లగానే వస్తుంది, రావాలి కూడా. మా అమ్మమ్మ కాలపు అరిసెలు ఏనాడూ పసుపుపచ్చగా లేవు. ఏ రంగు బెల్లమైనా నీళ్లు పోసి కరిగించి, పలుచని బట్టలో వడకట్టిన తరువాతనే పాకానికి పెట్టాలి.

బియ్యం విషయంలో లెక్క తిరగబడుతుంది. కొత్త బియ్యానికి జిగురు ఎక్కువ, అందుకే అరిసెలకూ పొంగలికీ కొత్తవి, పులిహోరకు పాతవి. కొత్త బియ్యంతో పులిహోర కలిపి ముద్ద చేసుకున్న ఇల్లు ఏ ఊళ్లోనైనా పండగ రోజు ఒకటి ఉంటుంది.

కొనుక్కుంటేనే బాగుండేవి

ఇంట్లో చేయడానికి ప్రయత్నించి భంగపడవలసిన అవసరమే లేని వంటలు కొన్ని ఉన్నాయి. అందులో మొదటిది పూతరేకు. కోనసీమ జిల్లా ఆత్రేయపురంలో, బోర్లించి కింద మంట పెట్టిన నున్నని కుండ మీద, పలుచని బియ్యపు జావలో ముంచిన బట్టను ఒక్కసారి పరిచి లాగేస్తే కాగితం కంటే పలుచని రేకు లేచివస్తుంది. దానికి ప్రత్యేకమైన కుండ కావాలి, ఏళ్ల తరబడి చేసిన చెయ్యి కావాలి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇక్కడ ఎంపిక పంచదార, బెల్లం అన్న రెండింటి మధ్య కాదు, చుట్టిన పూతరేకులు కొనాలా, ఉత్త రేకులు కొనాలా అన్నది. చుట్టినవి వెంటనే తినవచ్చు, పంచిపెట్టవచ్చు. కానీ వాటిలో వేసిన నెయ్యి ఎలాంటిదో, ఎన్నాళ్ల క్రితం వేసిందో మనకు తెలియదు, నిలవైతే నెయ్యి మొదట కంపు కొడుతుంది. ఉత్త రేకులు తెచ్చుకుంటే ఇంటి నెయ్యి, మనం ఎంచిన బెల్లప్పొడి, యాలకులు వేసి ఏ పూటకు ఆ పూట చుట్టుకోవచ్చు. రేకు పొడిగా ఉన్నప్పుడు మడిస్తే పొడుమవుతుంది, కనుక తడిపి గట్టిగా పిండిన బట్టతో ఒక్కసారి తాకించి మెత్తబడగానే మడవాలి. పిల్లలకు ఈ పని అప్పగిస్తే మొదటి నాలుగు చిరుగుతాయి, అయిదోది నుంచి వాళ్లు మనల్ని దగ్గరకు రానివ్వరు.

కాజాలూ ఈ కోవలోవే. కాకినాడ గొట్టం కాజా కొరకగానే పాకం నోట్లోకి చిమ్ముతుంది, తాపేశ్వరం మడత కాజా పొరలు పొరలుగా విడుతుంది. పాకం కారడం ఇష్టం లేనివారు, దూరప్రయాణం చేసేవారు మడత కాజాను ఎంచుకోవచ్చు. అయితే ఇవి ఏడాది పొడుగునా దొరికేవే కనుక, పొట్టలో చోటు తక్కువగా ఉన్న పండగ వారంలో వీటిని నేను చివరకు నెట్టేస్తాను. మచిలీపట్నం బందరు లడ్డుకూ అదే తీర్పు, కాస్త బాధతో.

పొద్దున చలికి ఏది తాగాలి

తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేసేవారికి, భోగిమంట దగ్గర నిలబడేవారికి ఒక వేడి గ్లాసు చేతిలో ఉండాలి. ఇళ్లలో సాధారణంగా పోటీపడేవి ఫిల్టరు కాఫీ, శొంఠి కాఫీ, అల్లం టీ. అల్లం టీ గురించి చెప్పవలసినది పెద్దగా లేదు, అది ఎవరు పెట్టినా తాగదగ్గట్టుగానే ఉంటుంది.

ఫిల్టరు కాఫీకి ఈ కాలంలో ఒక విశేషం ఉంది. అరకు, పాడేరు కొండల్లో కాఫీ పండ్లు ఎర్రబడి కోతకు వచ్చేది చలికాలంలోనే. అక్కడి అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ పొడిని చికోరీ ఎక్కువగా కలిపిన పొడి తాగే అలవాటుతో చూస్తే మొదటి రోజు పలచగా, కొంచెం పులుపుగా తోస్తుంది. పాలు తగ్గించి, డికాషన్ పెంచి తాగితే నాలుగో రోజుకు దాని సువాసన పట్టుబడుతుంది. ఇంట్లో పెద్దలకు చికోరీ లేని కాఫీ నచ్చదని తెలిస్తే పండగ నాలుగు రోజుల్లో వారి నోటి మీద ప్రయోగాలు చేయకుండా, వారి పొడి వారికి ఉంచి, మీ ఫిల్టరు మీరు వేరుగా పెట్టుకోండి. ఒకే డబ్బాలో రెండూ కలిపి మధ్యేమార్గం చేసిన ఇంట్లో ఇద్దరికీ కాఫీ లేకుండా పోయింది.

శొంఠి కాఫీ పేరుకే కాఫీ. శొంఠి, ధనియాలు, నాలుగు మిరియాలు దంచి నీళ్లలో మరిగించి, బెల్లం వేసి, కాఫీపొడి చిటికెడో అదీ లేకుండానో వడకట్టుకుంటారు. గొంతు మంట పుట్టించే ఆ ఘాటు మంచు కురిసే వేళ హాయిగా ఉంటుంది. పాలు పోసుకునేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి: మరుగుతున్న పాలలో బెల్లం వేస్తే విరిగే అవకాశం ఎక్కువ, కాబట్టి పాలు దించి కాస్త చల్లారాక బెల్లపు నీళ్లు కలపాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు, పొయ్యి ఒక్కటే ఉన్న చోట, పదిమందికి ఒకేసారి ఇవ్వాలంటే శొంఠి కాఫీయే సుఖం, ఒక పెద్ద గిన్నెలో మరిగితే అయిపోతుంది. ఫిల్టరు కాఫీ నలుగురు దాటితే పెట్టేవారికి శిక్ష.

చలికాలంలో తాటి, ఈత చెట్ల కింద దొరికే నీరా మరో రకం ఆనందం. చెట్టునుంచి దించిన రసం పులియకముందు నీరా, పులిసిన తరువాత కల్లు; ఎండ ఎక్కుతున్నకొద్దీ మొదటిది రెండోదిగా మారిపోతుంది. అందుకే కుండ లోపల సున్నం పూస్తారు, సూర్యోదయానికి ముందే దించుతారు. పల్లెలో తెలిసిన గీత కార్మికుడు ఉంటే తెల్లవారకముందే చెట్టు కిందకు వెళ్లడం ఉత్తమం, హైదరాబాదులో ఉన్నవారికి నెక్లెస్ రోడ్డులో 2023లో ప్రారంభమైన నీరా కేఫ్ ఉంది. కల్లు విషయంలో మాత్రం చెట్టూ మనిషీ తెలియని చోట తాగవద్దని గట్టిగా చెబుతాను. పట్టణపు కల్లులో మత్తుమందులు కలిపి పట్టుబడిన ఉదంతాలు తెలంగాణలో చాలానే ఉన్నాయి.

తేగలు, రేగిపళ్లు, అనపగింజలు

పిండివంటల ధ్యాసలో పడి మనం మరిచిపోయేవి, ఏ శ్రమా లేకుండా ఈ కాలం ఇచ్చేవి ఇవి. వీటన్నిటిలో నేను ముందుగా వెతికేది తేగలు. తాటిపండ్లు తిన్నాక టెంకలను మట్టిలో పాతర వేస్తే, చలికాలానికి ఒక్కో టెంకనుంచి మూరెడు మొలక నేలలోకి దిగుతుంది. దాన్ని తవ్వి తీసి ఉడకబెట్టినా, మంటలో కాల్చినా తేగే. టెంకను కొట్టి పగలగొడితే లోపల దొరికే తెల్లటి మెత్తని బుర్రగుంజు తవ్వే రోజు దగ్గరున్నవారికే దక్కుతుంది, బజారుకు రావడం అరుదు. ఉడికించిన తేగ మెత్తగా, నీటిపట్టుగా ఉంటుంది, కట్టలు కట్టి రోడ్డు పక్కన అమ్మేవి ఎక్కువగా అవే. కాల్చిన తేగ మీది తొక్క నల్లగా మాడి, లోపల తీపి చిక్కబడి, పొగ వాసన పట్టి ఉంటుంది. తొక్క ఒలిచి నిలువునా రెండుగా చీలిస్తే మధ్యలో సన్నని లేత ఆకు కనబడుతుంది. దాన్ని మేం చందమామ అనేవాళ్లం, అది ఎవరికి రావాలన్నదాని మీద అన్నదమ్ముల మధ్య తగాదాలు నడిచేవి. కాల్చినది, ఉడికించినది రెండూ దొరికితే కాల్చినదే తీసుకోండి. కొనేటప్పుడు లావుగా, బిగుతుగా ఉన్నవి ఎంచండి, సన్నబడి ముడుతలు పడినవాటిలో పీచు తప్ప ఏమీ ఉండదు.

రేగిపళ్లలో పెద్దవిగా, నున్నగా ఉండే రకాలు చూడటానికి బాగుంటాయి, కొరికితే ఆపిల్ పండుకు చుట్టంలా చప్పగా ఉంటాయి. భోగిపళ్లుగా పిల్లల తలమీద పోయడానికీ, ఆ తరువాత కిందపడ్డవి ఏరుకుని తినడానికీ చిన్న నాటు రేగిపళ్లే తగినవి. రాయలసీమ వైపు, ముఖ్యంగా చిత్తూరు ప్రాంతంలో ఉండేవారు ఈ రోజుల్లో అనపకాయలను వదలకూడదు. గింజలను రాత్రి నానబెట్టి, ఒక్కొక్కటి వేళ్ల మధ్య పితికి తొక్క తీస్తే వచ్చే పితికిపప్పు పులుసుకు చలికాలం దాటితే ప్రత్యామ్నాయం లేదు. అయితే నలుగురికి సరిపడా పితకడానికి గంటన్నర పడుతుంది, ఈ పనికి మగవాళ్లను కూర్చోబెట్టడం మంచి ఏర్పాటు.

కనుమ నాటి భోజనం గురించి వేరుగా ఎంచవలసినది లేదు. కనుమ నాడు మినుము తినాలన్నారు కనుక గారెలు ఉంటాయి, మాంసం తినే ఇళ్లలో పక్కన నాటుకోడి కూర ఉంటుంది. కోడి ముదురుదైతే ఉడకడానికి గంటకు పైగా పడుతుంది కనుక కూర ముందు ఎక్కించి, గారెల పప్పు తరువాత రుబ్బుకోవాలన్నది ఒక్కటే సలహా.

ఊరా, అరకా

ఈ మధ్య సెలవులు రాగానే ఊరికి బదులు అరకు వెళదామనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తోంది. విశాఖపట్నం నుంచి సుమారు 115 కిలోమీటర్లు, పొద్దున్నే బయలుదేరే కిరండూల్ రైలులో సొరంగాలు దాటుకుంటూ వెళ్లే దారి, పొలాల్లో పసుపుపచ్చని వలిస పూలు, పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకులతో మూతి మూసి, నిప్పుల మీద తిప్పుతూ నూనె లేకుండా కాల్చే బొంగులో చికెన్, ఇవన్నీ నిజంగానే వెళ్లి అనుభవించదగినవి. కానీ వలిస పూలు నవంబరు, డిసెంబరు నెలల్లో విరగబూసి సంక్రాంతికి చాలావరకు వాడిపోతాయి. డిసెంబరు చివరి వారంలోనూ సంక్రాంతి రోజుల్లోనూ కొండదారి నిండా కార్లు నిలబడిపోతాయి, లంబసింగి మంచు చూడటానికి చీకట్లో వెళ్లినవారికి ముందు కారు ఎర్రదీపాలు కనబడతాయి. కాబట్టి ఈ రెండింటిని ఒకదానికొకటి పోటీగా పెట్టకుండా, డిసెంబరు మొదటి పక్షంలో వారాంతానికి రెండు రోజులు అరకుకూ, పండగ నాలుగు రోజులు ఊరికీ కేటాయించుకోవడం నాకు సరైనదిగా తోస్తుంది. ఒకే ప్రయాణానికి సెలవు దొరికేవారు, ఊళ్లో అమ్మానాన్నలు ఎదురుచూస్తున్నవారు, ఊరికే వెళ్లాలి. కాఫీపొడి తెప్పించుకోవచ్చు, భోగిమంట తెప్పించుకోలేం.

తిరుగు ప్రయాణపు సంచి కట్టేటప్పుడు కూడా ఎంపిక తప్పదు. అరిసెలను పూర్తిగా చల్లారనిచ్చి, మధ్యలో కాగితం పెట్టి నిలువు దొంతరగా స్టీలు డబ్బాలో సర్దితే బరువు మీద పడినా ఏమీ కావు. సకినాలు మాత్రం విరుగుతాయి. డబ్బాలో అంచులదాకా నింపి, మూత కింద ఖాళీ మిగిలితే మడతపెట్టిన బట్ట దూర్చి కదలకుండా చేయాలి, అప్పటికీ అడుగున ఉన్నవి కొన్ని ముక్కలవుతాయి. పూతరేకుల పెట్టె ఒళ్లోనే పెట్టుకోవాలి. సున్నుండలు ఎండ తగిలే చోట పెడితే నెయ్యి కరిగి అన్నీ ఒకే ఉండ అవుతాయి. తేగలు ఉడికించినవి తీసుకువెళ్లవద్దు, రెండో రోజుకే జిగురు వస్తాయి. పచ్చివి తీసుకెళ్లి నగరంలో కుక్కరులో ఉడికించుకోవచ్చు, లేదా గ్యాసు మంట మీద పట్టకారుతో పట్టుకుని తిప్పుతూ కాల్చుకోవచ్చు. కాలడానికి పావుగంట పడుతుంది, ఇల్లంతా పొగ వస్తుంది, కిటికీలు తీసి ఉంచాలి.